ఉద్యోగం మానకుండా పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ: బరంపురం నుంచి కొరాపుట్ దాకా ఉన్న మనవాళ్లు ఎలా చేయాలి

నలభై దగ్గరపడ్డాక పీహెచ్‌డీ మీద మనసు పడేవాళ్లు మన వైపు, అంటే ఆంధ్రను ఆనుకుని ఉన్న ఒడిశా జిల్లాల తెలుగువాళ్లలో, తక్కువేం లేరు. గుణుపురంలో ప్లస్‌టూ లెక్చరర్లు, సునాబేడ హెచ్ఏఎల్‌లో, దమన్‌జోడి నాల్కోలో ఇంజినీర్లు, జేకేపూర్ పేపర్ మిల్లులో కెమిస్టులు, బరంపురంలో నర్సులు, బ్యాంకువాళ్లు. అందరూ మొదట అడిగేది ఎంట్రన్స్ కష్టమా అని. నన్నడిగితే ఎంట్రన్స్ చిన్న విషయం. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఆగిపోయేది మూడో ఏటో నాలుగో ఏటో. డేటా ఎక్కడో దూరంగా ఉంటుంది, లీవు దొరకదు, గైడు రిటైరైపోతారు, ఆఫీసులో కొత్త బాసు వచ్చి "మీకు ఈ పర్మిషన్ ఎవరిచ్చారు" అంటాడు. ఇవన్నీ రిజిస్ట్రేషన్‌కి ముందే సర్దుకోగలిగినవి. అందుకే ఆ ముందు పనుల గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

మొదట రూల్స్ తెలుసుకోండి

ఇప్పుడు నడుస్తున్నవి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నవంబరులో తెచ్చిన నిబంధనలు. వాటిలో పార్ట్‌టైమ్‌కి అనుమతి స్పష్టంగా ఉంది, కాకపోతే ఫుల్‌టైమ్ వాళ్లకున్న షరతులన్నీ మీకూ వర్తిస్తాయి. దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ పీహెచ్‌డీ లేదు. ఎవరైనా ఫోన్ చేసి "మీరు రానక్కర్లేదు సార్, అంతా మేం చూసుకుంటాం" అన్నారంటే మాట అక్కడే ఆపేయండి. 2025 జనవరిలో యూజీసీ రాజస్థాన్‌లోని 3 ప్రైవేటు యూనివర్సిటీలను 5 ఏళ్లపాటు పీహెచ్‌డీ అడ్మిషన్లు చేసుకోవద్దని ఆపేసింది. అలాంటి డిగ్రీతో ప్రమోషన్‌కి వెళ్తే ఫైలు మీద జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌లో లేని ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. కోర్స్‌వర్క్‌తో (చేరిన మొదట్లో క్లాసులకెళ్లి పూర్తిచేయాల్సిన పేపర్లతో) కలిపి కనీసం 3 ఏళ్లు పడుతుంది, గడువు 6 ఏళ్లు, రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో 2. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు దాని మీద మరో 2 ఏళ్లు, అంటే మొత్తం 10. ప్రసూతికో పిల్లల సంరక్షణకో మహిళలు మొత్తం మీద 240 రోజుల దాకా సెలవు తీసుకోవచ్చు. ఆరేళ్లంటే చాలా ఉందనిపిస్తుంది గానీ ఒక ట్రాన్స్‌ఫర్, రెండు ఎలక్షన్ డ్యూటీలు, ఇంట్లో ఒక పెళ్లి, ఒక ఆపరేషన్ పడితే ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి.

టాపిక్ మీరున్న చోటే వెతకండి

నేను అందరికన్నా గట్టిగా చెప్పేది ఇదే. ఫుల్‌టైమ్ స్కాలర్‌కి టాపిక్ ఎక్కడున్నా ఫరవాలేదు, సంచి తగిలించుకుని వెళ్లిపోతాడు. మీకు ఆ వీలు లేదు. మీ డ్యూటీ దారిలో, మీ మండలంలో, అంటే మన లెక్కలో బ్లాకులో, దొరికే విషయాన్నే తీసుకోండి. అదృష్టం ఏమిటంటే సరిహద్దు జిల్లాల్లో అలాంటి విషయాలకు కరువు లేదు, అవతలి వాళ్లు చేయాలన్నా చేయలేనివి కూడా ఉన్నాయి. ఒడియా, తెలుగు రెండూ వచ్చి, ఇటు బీడీఓ ఆఫీసులోనూ అటు ఎమ్మార్వో ఆఫీసులోనూ మాట్లాడి పని చేయించుకోగలిగిన పరిశోధకులు విశాఖలో ఎంతమంది దొరుకుతారు, భువనేశ్వర్‌లో ఎంతమంది దొరుకుతారు?

ఉదాహరణకి తిత్లీ తుఫాను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి అటు శ్రీకాకుళాన్ని, ఇటు గజపతి జిల్లాని దెబ్బతీసింది. గాలి ఒకటే, వాన ఒకటే, ప్రభుత్వాలు మాత్రం రెండు. పరిహారం ఎవరికి ఎప్పుడు అందింది, జీడితోటలు మళ్లీ ఎలా వేశారు అన్నది రెండు వైపులా పోల్చి చూస్తే అదే ఒక థీసిస్. వంశధార నీళ్ల తగాదా ఉంది. ఒడియా మీడియం బడిలో తెలుగు, సవర, కువి మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే క్లాసు ఉంది. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్స్ మిషన్ వచ్చాక కొరాపుట్, రాయగడ కొండల్లో చోడి పంట ఎలా మారింది, బరంపురం పట్టు మగ్గాల మీద ఇప్పుడెవరు కూర్చుంటున్నారు, ఇలా ఎన్నైనా చెప్పొచ్చు. నర్సు అయితే తన వార్డులోనే, ఇంజినీర్ అయితే తన ప్లాంటులోనే విషయం దొరుకుతుంది. కాకపోతే కంపెనీ డేటా బయట ప్రచురించుకోవచ్చని రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే టాపిక్ ఖాయం చేసుకోండి, నోటిమాట మీద మొదలుపెట్టకండి.

పర్లాకిమిడిలో మాస్టారుగా ఉద్యోగం చేస్తూనే గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. డాక్టరేటు కోసం కాదనుకోండి. అయినా మన దగ్గర ఉద్యోగస్తుడి పరిశోధన అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆయనే, ఎందుకంటే ఆయన విషయం తానున్న ఊరి చుట్టుపక్కలే ఉంది.

చరిత్ర వాళ్లకి ఒక హెచ్చరిక. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మన ప్రాంతం చాలావరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పాత గంజాం, విశాఖపట్నం జిల్లాల రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కి వెళ్లాల్సి వస్తుంది, ఆ తర్వాతి వాటికి భువనేశ్వర్ వెళ్లాలి. అంత తిరిగే లీవు మీ దగ్గర లేకపోతే కాలాన్ని కుదించుకోండి, లేదా జమీందారీ కుటుంబాల దగ్గర, గుళ్లలో, పాత స్కూళ్లలో మిగిలిన కాగితాలతో చేయగలిగే టాపిక్ చూసుకోండి.

యూనివర్సిటీ కంటే ముందు గైడు

బరంపురం వాళ్లకి ఊళ్లోనే భంజబిహార్‌లో బరంపురం యూనివర్సిటీ ఉంది, 1967 నాటిది. కొరాపుట్, జైపూర్ వాళ్లకి సునాబేడలో సెంట్రల్ యూనివర్సిటీ. పర్లాకిమిడి వాళ్లకి ఊళ్లో ప్రైవేటు యూనివర్సిటీ, సరిహద్దు దాటితే ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ. గుణుపురంలోనూ ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైలెక్కితే విజయనగరం, ఇంకా ముందుకెళ్తే ఆంధ్రా యూనివర్సిటీ. మన వాళ్లకి ఏయూ అంటే ఒక మోజు, దానికి కారణాలూ లేకపోలేదు. కానీ నా లెక్క వేరు: పొద్దున్న బయల్దేరి గైడును కలిసి రాత్రికి ఇల్లు చేరగలిగే యూనివర్సిటీయే మీకు మంచి యూనివర్సిటీ. ఏ డిపార్టుమెంటులో పార్ట్‌టైమ్ సీట్లున్నాయన్నది ఏటా మారుతుంది, ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాలి.

గైడు దగ్గరకి వెళ్లే ముందు కొన్ని చూసుకోండి. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 స్కాలర్లకు మించి ఉండకూడదు, కాబట్టి ఖాళీ ఉందో లేదో అడగండి. రిటైర్‌మెంట్‌కి 3 ఏళ్ల కన్నా తక్కువ ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదు. నాలుగేళ్లుంటే తీసుకోవచ్చు గానీ పార్ట్‌టైమ్ వాళ్లకి ఆ నాలుగేళ్లు చాలవు. ఏడెనిమిదేళ్ల సర్వీసు మిగిలినవాళ్లను చూసుకోండి. పెద్ద పేరున్న సీనియర్ కంటే చురుకైన అసోసియేట్ నయం అని నా అభిప్రాయం. ఆయన మీకంటే పదేళ్లు చిన్నవాడు కావచ్చు, వరసకి తమ్ముడు కూడా కావచ్చు. అయినా డిపార్టుమెంటులో "సార్" అనే పిలవండి, ఇద్దరికీ అదే సుఖం. ఆయన పాత స్కాలర్లు ఇద్దరితో మాట్లాడి, చాప్టరు ఇస్తే ఎన్నాళ్లకి చూసిస్తారో కనుక్కోండి.

మొదటిసారి కలిసేటప్పుడు చేతిలో రెండు పేజీలుండాలి: ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు, డేటా ఎక్కడుంది, మీకు అందులోకి ప్రవేశం ఎలా ఉంది. ఆ మూడోది మీ బలం, దాన్ని దాచుకోకండి. అంతకుముందే శోధ్‌గంగలో, అంటే మన దేశపు థీసిస్‌లు పెట్టే వెబ్‌సైటులో, మీ విషయం మీద వచ్చిన థీసిస్‌లు వెతికి చూడండి. డబ్బు కట్టక్కర్లేదు, పుస్తకాలకు పుస్తకాలే దొరుకుతాయి.

ఎన్ఓసీ: ప్రతి మాటా చూసుకోండి

2022 నిబంధనల ప్రకారం మీ ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రంలో మూడు విషయాలు ఉండి తీరాలి. పార్ట్‌టైమ్‌గా చదవడానికి మీకు అనుమతి ఉంది. పరిశోధనకు తగినంత సమయం ఇచ్చేందుకు మీ డ్యూటీ అడ్డు కాదు. అవసరమైతే కోర్స్‌వర్క్ పూర్తిచేయడానికి మిమ్మల్ని రిలీవ్ చేస్తారు. ఈ మూడోదాన్ని ఆఫీసులో మెల్లిగా తప్పించేస్తారు, "మాకు అభ్యంతరం లేదు" అని ఒక్క ముక్క రాసి సీలు వేసి ఇస్తారు. అది చెల్లదు. డ్రాఫ్టు మీరే టైపు చేసి తీసుకెళ్లండి.

ఇంకో సంగతి, అనుమతి ఇచ్చే అధికారం ఎవరికుందో కనుక్కోండి. హెడ్‌మాస్టారు సంతకం సరిపోదు, బీఈఓ ద్వారా డీఈఓకో, ఆపైకో వెళ్లాల్సి రావచ్చు. ఫైలు ప్రాపర్ చానల్‌లో నడవనివ్వండి, ప్రతి చోటా డైరీ నంబర్ రాసుకోండి. "ప్రస్తుత స్థానంలో ఉన్నంతవరకు" లాంటి మాట అందులో దూరనివ్వకండి, మల్కనగిరికి బదిలీ అయితే మళ్లీ మొదటికొస్తుంది. రైల్వే, పోస్టల్ లాంటి కేంద్ర ఉద్యోగులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఉద్యోగంలో చేరాక పీహెచ్‌డీ సాధిస్తే ఒకేసారి 30,000 రూపాయల ప్రోత్సాహకం ఇవ్వాలని 2019లో ఉత్తర్వు ఉంది, కానీ విషయం మీ ఉద్యోగం పనికి నేరుగా సంబంధించినదై ఉండాలి. స్టేషన్‌మాస్టర్ గారు శతక సాహిత్యం మీద చేస్తే రాదు. చేయొద్దని కాదు, రాదని చెబుతున్నాను.

పరీక్ష, కాగితాలు

నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసుంటే మంచిది. 2024-25 నుంచి నెట్‌లోనే "పీహెచ్‌డీకి మాత్రమే" అనే అర్హత కూడా ఇస్తున్నారు, ఆ స్కోరు ఏడాది పాటు పనికొస్తుంది, దానికి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. యూనివర్సిటీ సొంత ఎంట్రన్స్ అయితే సగం రిసెర్చ్ మెథడాలజీ, సగం మీ సబ్జెక్టు, 50 శాతం మార్కులు రావాలి. ఆంధ్రలో రాష్ట్ర యూనివర్సిటీలకి ఏపీఆర్‌సెట్ అనే ఉమ్మడి ఎంట్రన్స్ పెడతారు. చదువు వదిలి పదిహేనేళ్లయినవాళ్లకి సబ్జెక్టు కన్నా మెథడాలజీయే కొత్తగా ఉంటుంది, దాని మీదే టైము పెట్టండి.

కాగితాల దగ్గర మన సరిహద్దు మనల్ని ఇబ్బంది పెడుతుంది. ఒడిశా బోర్డు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది, విశాఖలో చేసిన డిగ్రీలో ఇంటిపేరు పొట్టి అక్షరమై ముందుకొస్తుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. అప్లికేషన్‌కి ముందే అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. యూనివర్సిటీ మారుతుంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. ఒడిశా కుల ధ్రువపత్రంతో ఆంధ్ర రాష్ట్ర కోటాలో సీటొస్తుందని లెక్కలేసుకోకండి, అటువాళ్లకి ఇటూ అంతే. అడ్మిషన్ సెక్షన్‌కి ఈమెయిల్ పెట్టి జవాబు ప్రింటు తీసి ఉంచుకోండి.

కోర్స్‌వర్క్

12 నుంచి 16 క్రెడిట్లు, పరిశోధన నీతి మీద ఒక పేపరు తప్పనిసరి, 55 శాతం రావాలి. క్లాసులు వారాంతంలోనా, నెలరోజులు వరసగానా అని చేరేముందే అడగండి. ఈఎల్‌లు (ఎర్న్‌డ్ లీవులు) దీనికోసం దాచిపెట్టుకోండి, తిరుపతికి తర్వాత వెళ్లొచ్చు.

ఆ తర్వాత ప్రతి సెమిస్టరూ సలహా సంఘం ముందు మీ పని చూపించాలి. ఏమీ చేయకపోయినా వెళ్లండి. రెండుసార్లు మానేసినవాళ్లు మూడోసారి మొహం చూపించలేక అలాగే ఆగిపోవడం మామూలుగా జరిగేదే.

సమయం ఎక్కడ దొరుకుతుంది

రోజుకి గంటన్నర, వారానికి 6 రోజులు. వారానికి 9 గంటలు, మూడేళ్లకి 1,400 గంటలు. తెల్లవారుజామే మేలు, సాయంత్రం ఎవరో ఒకరు వస్తారు. ఇంట్లోవాళ్లకి "కాస్త చదువుకోవాలి" అని కాకుండా ఏ గంట నుంచి ఏ గంటదాకా లేవనో చెప్పండి, ఆ గంటలో పాలవాడు వచ్చినా గ్యాస్ బండ వచ్చినా మీ పని కాదు. దానికి బదులు ఇంటిపని ఏది మీ వంతో కూడా అప్పుడే తేల్చేయండి, లేకపోతే ఆ భారమంతా ఇంకొకరి మీద పడుతుంది.

సెలవుల క్యాలెండర్లు రెండూ గోడకి పెట్టుకోండి. సరిహద్దు అవతల యూనివర్సిటీ అయితే ఇది నిజంగా లాభం. జూన్ మధ్యలో రజ సంక్రాంతికి మీకు సెలవు, ఆంధ్రలో ఆఫీసులు తెరిచే ఉంటాయి. ఏప్రిల్ 1 ఉత్కళ దివస్ కూడా అంతే. ఫీజు కట్టడం, సంతకాలు, లైబ్రరీ పనులన్నీ ఆ రోజులకి పెట్టుకుంటే క్యాజువల్ లీవు మిగులుతుంది. భోగికి మాత్రం అటు వెళ్లకండి, తాళాలే కనిపిస్తాయి.

డేటా సేకరణ

ఆశ్రమ పాఠశాలలో పిల్లలతో మాట్లాడాలంటే జిల్లా సంక్షేమ అధికారి అనుమతి, మామూలు బడికి డీఈఓ అనుమతి ముందే తీసుకోండి. రోగులతో పని అయితే ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క ఫారం కూడా నింపించొద్దు.

ప్రశ్నావళి విషయంలో మన ప్రాంతానికో చిక్కుంది. తెలుగు బాగా మాట్లాడతారు, చదవడం మాత్రం ఒడియాలోనే. తెలుగులో అచ్చువేసిన ఫారం ఇస్తే మొహమాటానికి పుచ్చుకుని ఏదో ఒకటి టిక్కు పెట్టి ఇచ్చేస్తారు. కాబట్టి ఒడియాలో అచ్చువేసి, తెలుగులో నోటితో అడిగి, మీరే నింపండి. ఒడియాలోకి ఒకరు మార్చాక, అసలు చూడని ఇంకొకరితో మళ్లీ వెనక్కి మార్పించి రెండూ సరిపోల్చండి. కువి, సవర మాట్లాడే ఊళ్లలో ఆ ఊరి మనిషే అడగాలి, ఆ మనిషికి కూలి ఇవ్వాలి. ముందు ఓ పాతికమందితో చేసి చూడండి.

అధికారిక లెక్కలు వాడేటప్పుడు జిల్లాల హద్దులు చూసుకోండి. గజపతి 1992 అక్టోబరు 2 దాకా గంజాంలో ఉండేది, రాయగడ, మల్కనగిరి, నవరంగ్‌పూర్ అదే రోజున కొరాపుట్ నుంచి విడిపోయాయి. అటువైపు 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. 1991 నాటి కొరాపుట్‌ని 2011 కొరాపుట్‌తో నేరుగా పోల్చిన పట్టిక మీద వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, మొదటి ప్రశ్న పడుతుంది.

రాయడం, ఇచ్చేయడం

రిఫరెన్సులు మొదటి రోజునుంచే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి, ఉచితం. నెలకో పేజీ గైడుకి పంపండి, బాగున్నా బాగోకపోయినా. తెలుగులో థీసిస్ రాసేవాళ్లు డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించకండి, యూనికోడ్ అడగండి. లేకపోతే రేపు శోధ్‌గంగలో ఎవరు వెతికినా మీ పని దొరకదు.

పేపరు అచ్చయి తీరాలన్న షరతును 2022 నిబంధనలు తీసేశాయి, కానీ కొన్ని యూనివర్సిటీలు ఇంకా అడుగుతాయి. మంచి పత్రికలేవో చెప్పే యూజీసీ కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది కాబట్టి పత్రిక మంచిదో కాదో మీరే చూసుకోవాలి. వారంలో వేస్తాం, ఇంత కట్టండి అన్నవాళ్ల జోలికి పోకండి. సారూప్యత, అంటే థీసిస్‌లో ఇతరుల రాతలతో కలిసిపోయే భాగం, 10 శాతం లోపుంటే గొడవ లేదు, 10 నుంచి 40 మధ్య ఉంటే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. థీసిస్ రాసిపెడతామని వాట్సాప్‌లో వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు రాసింది వైవాలో వివరించాల్సింది మీరు.

థీసిస్‌ని గైడుతోపాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు, తర్వాత వైవా. ఇచ్చిన రోజు నుంచి 6 నెలల్లో ముగించాలని నిబంధన. ఆలస్యమైతే పరీక్షల విభాగంలో ఏ టేబుల్ దగ్గర ఉందో కనుక్కుని మర్యాదగా అడుగుతూ ఉండండి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చినప్పుడు డిగ్రీ యూజీసీ నిబంధనల ప్రకారమే ఇచ్చారన్న వాక్యం అందులో ఉందో లేదో అక్కడే నిలబడి చదవండి, పేరు స్పెల్లింగ్ కూడా. మర్నాడే ఒక కాపీ ఆఫీసుకి కవరింగ్ లెటర్‌తో ఇచ్చి, సర్వీసు బుక్కులో ఎక్కించి సంతకం పెట్టే దాకా వదలకండి.